ఆరో నంబరు మంచానికి నిద్ర

సూర్యాపేట,
సెప్టెంబర్ 9.

మహాఘనత వహించిన మా మేనత్త, విశ్రాంత హెడ్ నర్సు శాంతకుమారి గారి దివ్యసముఖమునకు,

ఈ ఉత్తరం రాస్తున్నందుకు ముందుగా క్షమాపణ వేడుకుంటున్నాను. దీనివల్ల తమ కళ్ళద్దాలకు కలగబోయే శ్రమకు, పోస్ట్‌మ్యాన్ సంచిలో పెరగబోయే బరువుకు, బి.ఎస్సీ. నర్సింగ్ చదివినవాడి చేతిలో తెలుగు భాషకు జరగబోయే నష్టానికి పూర్తి బాధ్యత నాదే. ఇంత వినయంగా క్షమాపణ అడిగేవాడు వేరే తప్పేమీ చేసి ఉండడని తమరు గ్రహించాలి.

ఇక 'తమరు' మానేస్తున్నాను, మెడ పట్టేస్తోంది. ఫోన్ వద్దన్నది నువ్వే కదా అత్తా. "ఫోన్లో నవ్వించి తప్పించుకుంటావురా, కాయితం మీదైతే దొరుకుతావు" అన్నావు. దొరకడానికే రాస్తున్నాను.

మా ప్రైవేటు దవాఖానలో మగవాళ్ళ సర్జికల్ వార్డు, ఎనిమిది మంచాలు, రాత్రి డ్యూటీ నాది. పగలు గవర్నమెంటు నర్సు పోస్టుల కోచింగ్‌కి పోతున్నానని రాత్రుళ్ళు నేనే అడిగి వేయించుకున్నాను. వారానికి ఒక్క బుధవారం రాత్రి సెలవు. ఆరో నంబరు మంచంలో బీరయ్య అనే పెద్దాయన ఉన్నాడు. మునగాల దగ్గర హైవే మీద గొర్రెలను దాటిస్తుంటే లారీ తగిలి కాలు విరిగింది. గొర్రెలన్నీ క్షేమం. ఆయన కాలికి బయట నుంచి ఇనుప కడ్డీలు బిగించారు. ఎముక కుదురుకుంటోంది గాని పిక్క మీద అరచేయంత పుండు నోరు తెరుచుకుని ఉంది. తొడ నుంచి చర్మం తీసి దానిమీద అతకాలి. ఆపరేషన్ నిన్న సోమవారం జరగాల్సింది. జరగలేదు. ఎందుకంటే ఆయనకు నిద్ర లేదు. నిద్ర లేక పొద్దున్నే బీపీ నూట డెబ్బైకి ఎక్కి కూర్చుంటోంది. మత్తు డాక్టర్ ఆ అంకె చూసి, "ఈ బీపీకి నేను మత్తియ్య" అని గ్లౌజులు విప్పి వెళ్ళిపోయాడు.

పుండు ఎక్కువ రోజులు అట్లాగే ఉంటే చీము ఎముకకు దిగుతుంది, కాలు దక్కదు. నడవలేని గొర్లకాపరి ఏం చేస్తాడో నాకైతే తెలియదు, ఆయనకూ తెలియదు.

ముప్పై నాలుగేళ్ళు మనుషులను నిద్రపుచ్చిన దానివి. చెప్పు, ఏం చేయాలి? నేను చేయగలిగిందంతా చేశాను.

నీ మేనల్లుడు, నిరపరాధి,
జవహర్


కోదాడ,
సెప్టెంబర్ 12.

జవహర్‌కు దీవెనలు.

దేవుని కృపవల్ల ఇక్కడ అంతా క్షేమం. నీ ఉత్తరంలో మొదటి పేజీ చించి పొయ్యిలో వేశాను, రెండో పేజీ చదివాను.

నిద్ర అనేది మనం ఇచ్చేది కాదు, దానికి అడ్డం వచ్చేవాటిని తీసేస్తే అదే వస్తుంది. నొప్పి మందు తొమ్మిదింటికి కాదు, ఎనిమిదిన్నరకే ఇవ్వు, పడుకునే వేళకు పని చేస్తుంది. విరిగిన కాలి కింద దిండు మడమకు కాకుండా పిక్క పక్కలకు ఆనేలా పెట్టు. పడుకోబోయే ముందు మూత్రానికి పోయించు. సాయంత్రం నాలుగు దాటాక టీ ఇవ్వద్దు. మంచి కాలును గోరువెచ్చని నీళ్ళలో పది నిమిషాలు పెట్టించు. లైట్లు తగ్గించు. ఆ మందుల బండి చక్రానికి నూనె వెయ్యి, ఏ దవాఖానలోనైనా అది అరుస్తూనే ఉంటుంది. బీపీ, ఇంజెక్షన్, సెలైన్ మార్పు, అన్నీ ఒకేసారి చేసెయ్యి. గంటకోసారి పోయి మనిషిని కదపొద్దు. చివరికి పక్కన కూర్చొని, "ఏం పెద్దాయనా, ఏం ఆలోచిస్తున్నవ్" అని అడుగు. అడిగి, చెప్పేదాకా ఆగు. నువ్వు మాట్లాడకుండా ఆగడం కష్టమని తెలుసు.

నా సంగతి అడగలేదు గాని చెప్తాను. రిటైరై మూడేళ్ళయినా రాత్రి రెండింటికి ఠంచనుగా మెలకువ వస్తుంది. లేచి మీ మామయ్య నాడి చూస్తాను. బతికే ఉన్నాడని తేలాక మళ్ళీ పడుకుంటాను. ఆయనకు ఇది తెలియదు, చెప్పొద్దు.

ఏమేం చేశావో రాయి. మా అమ్మాయి సౌమ్యకు నెలలు నిండాయి, కాన్పుకని మిర్యాలగూడ పోతున్నా. ఇక అక్కడికే రాయి.

మీ అత్త,
శాంతకుమారి


సూర్యాపేట,
సెప్టెంబర్ 23.

నిద్రాదేవి ప్రధానార్చకురాలైన అత్తకు,

నీ ఉత్తరాన్ని శాసనంగా స్వీకరించి వార్డులో 'సుఖనిద్ర పథకం' ప్రారంభించాను. అధ్యక్షుడు, కార్యదర్శి, సభ్యులు అంతా నేనే. గోడకు ఫ్లెక్సీ కట్టించాం, 'నిశ్శబ్దం మా నినాదం' అని. మూలన నా ఫొటో కూడా ఉంది, ఫ్లెక్సీ వేసినవాడు ఖాళీ వదలడం అశుభమన్నాడు. మేనేజ్‌మెంటు వాళ్ళకు ఎంత నచ్చిందంటే, పథకం సఫలమైతే శాలువా కప్పుతామన్నారు.

నువ్వు చెప్పినవన్నీ అక్షరాలా చేశాను. బండి చక్రానికి కొబ్బరినూనె పోశాను, ఇప్పుడు అరవదు, జారుతుంది. నొప్పి మందు ఎనిమిదిన్నరకే. దిండు పిక్క పక్కలకే. టీ బంద్. కాలికి గోరువెచ్చని నీళ్ళు పెడితే బీరయ్య తాత ఆశ్చర్యపోయాడు. "ఏంది బిడ్డా, పెండ్లికొడుకును జేస్తున్నవా?" అన్నాడు. తొమ్మిదిన్నరకు లైట్లు తగ్గించాను. సొంత బుద్ధితో చెవుల్లో దూది, కళ్ళకు నల్లగుడ్డ కూడా జోడించాను. దూది తీసి సిగరెట్టు పెట్టుకున్నట్టు చెవిమీద పెట్టుకున్నాడు. నల్లగుడ్డ మాత్రం నా చేతికే తిరిగిచ్చి, "కండ్లకు గంతలు గట్టనీకి నేనేమన్న గానుగెద్దునా?" అన్నాడు.

ఫలితం? నిన్న సోమవారం పొద్దున బీపీ నూట డెబ్బై ఆరు. ఆపరేషన్ రెండోసారి వాయిదా.

ఈయన సహకరించడు అత్తా. డాక్టర్ రాసిన నిద్రమాత్ర మింగినట్టే మింగుతాడు. మొన్న దుప్పటి మారుస్తుంటే పొగాకు తిత్తిలో ఏడు మాత్రలు దొరికాయి. పైగా రాత్రిళ్ళు చెంచాతో మంచం ఇనుప కడ్డీ మీద టంగు టంగుమని కొడతాడు. నిశ్శబ్దం నినాదంగా ఉన్న వార్డులో! చెంచా జప్తు చేశాను. మర్నాటి నుంచి చేతికర్రతో కొడుతున్నాడు.

పగలు మాత్రం హాయిగా నిద్రపోతాడు. రాత్రి నిద్ర రాకపోవడానికి ఇదే కారణమని కనిపెట్టి, పగటి డ్యూటీ నాగమణి సిస్టర్‌కు ఆయన్ను పడుకోనివ్వద్దని ఆదేశమిచ్చాను. ఆమె నాకు పదేళ్ళు సీనియర్ అన్న సంగతి ఆ క్షణంలో గుర్తురాలేదు.

"నా డ్యూటీల పసిపిల్లగాని లెక్క పంటడు బ్రదర్. లేపాల్నంటె పాపమనిపిస్తది. నీ డ్యూటీల ఎందుకు పంటలేడో గది సూస్కో ముందు" అంది.

ఈ కాలపు సిస్టర్లకు శాస్త్రీయ దృష్టి లేదు.

డాక్టర్ స్వయంగా అడిగాడు, "ఎందుకు నిద్రపోవు తాతా, ఏమన్నా ఇబ్బందా?" అని. బీరయ్య నా వైపు చూశాడు. "ఏమో సారూ. ముసలోన్ని, నిద్ర తక్కువ" అన్నాడు. అంతే.

కొడుకు శ్రీను మాత్రం మంచం దగ్గరే గొడవకు దిగాడు. "రెండుపార్లు వాయిదా ఏస్తిరి. మూడోపారి గూడ గిట్లనే అంటె మా నాయన్ను తీస్కపోత. అనంతగిరి దిక్కు పసరు కట్టెటాయన ఉన్నడు" అన్నాడు. తెరిచిన పుండు మీద పసరంటే ఏమవుతుందో నీకు చెప్పాలా? తర్వాతి ఆపరేషన్ అక్టోబర్ ఆరు, సోమవారం. అంతే ఉంది వ్యవధి.

నేను చేయాల్సిందంతా చేశాను. మళ్ళీ అదే రాస్తున్నాను, ఎందుకో మరి.

జవహర్,
సుఖనిద్ర పథకం వ్యవస్థాపకుడు


మిర్యాలగూడ,
సెప్టెంబర్ 26.

జవహర్,

సౌమ్యకు ఆడపిల్ల పుట్టింది. తల్లీ పిల్లా బాగున్నారు. ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు, ఇక్కడ పథకాలు పెట్టకు.

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. ఎనిమిదిన్నరకు నొప్పి మందు, తొమ్మిదిన్నరకు లైట్లు, ఆపైన చెవుల్లో దూది. తర్వాత ఒకేసారి పొద్దున బీపీ. నడిమధ్య ఏముందిరా? పన్నెండు నుంచి నాలుగు దాకా నీ ఉత్తరంలో ఒక్క అక్షరం లేదు. ముప్పై నాలుగేళ్ళు రాత్రి డ్యూటీ చేశాను, చెప్పుకోవాల్సిన సంగతులన్నీ ఆ నాలుగు గంటల్లోనే జరుగుతాయి.

ముసలాయన కడ్డీ మీద ఎందుకు కొడుతున్నాడో అడిగావా? చెంచా గుంజుకున్నావని రాశావు, అడిగానని రాయలేదు.

ఆ బీపీ చార్టు మొత్తం, తారీఖులతో సహా, నీ చేత్తో రాసి పంపు. మా అల్లుడు కృష్ణ ఆదివారం పని మీద సూర్యాపేట వస్తున్నాడు, అతని చేతికియ్యి. పోస్టుకు ఆగే టైం లేదు.

శాంతకుమారి


సూర్యాపేట,
సెప్టెంబర్ 28.

గౌరవనీయులైన అత్త గారికి,

మనుమరాలు పుట్టినందుకు హృదయపూర్వక శుభాకాంక్షలు. బరువు ఎంత? ఎవరి పోలిక? పేరు ఏమనుకుంటున్నారు? ఈ మూడు ప్రశ్నలకు వివరంగా రాయగలరు.

పన్నెండు నుంచి నాలుగు వరకు వార్డులో సాధారణ పర్యవేక్షణ జరుగుతుంది. అది సాధారణం కాబట్టే రాయలేదు.

చార్టు ఇంకో కాగితం మీద రాశాను. ఆయన చేరిన ఒకటో తారీఖు నుంచి అంకెలు. నువ్వు అడగకముందే ఒక విశేషం చెప్తాను. గురువారం పొద్దున మాత్రం బీపీ దిగుతోంది. నాలుగో తారీఖు నూట ముప్పై ఎనిమిది, పదకొండున నూట ముప్పై నాలుగు, పద్దెనిమిదిన నూట ముప్పై ఆరు, మొన్న ఇరవై ఐదున నూట ముప్పై రెండు. మిగతా రోజులన్నీ నూట అరవై పైనే. బహుశా గురువారం వంటమనిషి పప్పులో ఉప్పు తక్కువ వేస్తుందేమో. విచారణ జరిపిస్తున్నాను.

కృష్ణ గేటు దగ్గర నిలబడి హారన్ కొడుతున్నాడు. నిశ్శబ్దం మా నినాదమని ఆయనకు తెలియదు. ఉంటాను.

జవహర్


మిర్యాలగూడ,
సెప్టెంబర్ 29.

ఒరేయ్,

పిల్ల బరువు రెండు కిలోల తొమ్మిది వందలు. పోలిక వాళ్ళ నాయనమ్మది. పేరు ఇంకా పెట్టలేదు. అయ్యాయా నీ ప్రశ్నలు?

గురువారం పొద్దున బీపీ తగ్గుతుందంటే బుధవారం రాత్రి నిద్రపోయాడని. బుధవారం రాత్రి నీకు సెలవని నువ్వే రాశావు. ఆ రాత్రి డ్యూటీ చేసే పిల్ల ఎవరో గాని మేలుకొని ఉంటున్నది. పగలు నాగమణి మేలుకొని ఉంటున్నది. వాళ్ళిద్దరి దగ్గరా నిద్రపోయే మనిషి నీ దగ్గర మాత్రం ఎందుకు నిద్రపోడు? పప్పులో ఉప్పా?

గొర్లకాపరులు మందను రాత్రిపూట పొలాల్లో పెడతారు, నీకు తెలియదేమో. ఇద్దరుంటారు. ఒకరు పడుకుంటే ఒకరు మేలుకుంటారు, ఒకేసారి ఇద్దరూ కన్ను మూయరు. అట్లా బతుకంతా గడిపిన మనిషి ముందు నువ్వు ఏం చేస్తున్నావో నేను వేరే చెప్పక్కర్లేదు.

నిద్రపోయినవాడి మీద నాకు కోపం లేదు. నిద్రపోయి పథకం పెట్టినవాడి మీద ఉంది.

ఇది ఎవరికీ చెప్పలేదు, మీ మామయ్యకు కూడా. నా ఉద్యోగంలో మొదటి సంవత్సరం ఇదే మిర్యాలగూడలో చేశాను. ఒక రాత్రి టేబుల్ మీద తల వాల్చాను. లేచి చూసేసరికి కడుపు ఆపరేషనై రెండు రోజులు కూడా కాని యాదమ్మ అనే ఆమె మంచం దిగి, పక్క మంచంలో దగ్గుతున్న ముసలమ్మను లేపి కూర్చోబెట్టి, వీపు నిమురుతున్నది. "నువ్వు అలసినవ్ బిడ్డా, అందుకే లేపలే" అన్నది. ఆమె కుట్లు రెండు తెగినయ్. డాక్టర్ అడిగితే దగ్గినందుకు తెగినయని ఆమే చెప్పింది. నేను పక్కన నిలబడి తలూపాను. మళ్ళీ కుట్లు వేస్తుంటే ట్రే పట్టుకున్నది కూడా నేనే. రెండింటికి నాకు మెలకువ రావడం అప్పటినుంచీ ఉంది, రిటైరయ్యాక వచ్చింది కాదు.

ఆరో తారీఖుకు ఇంకా ఏడు రాత్రులున్నాయి. కృష్ణ రేపు మళ్ళీ వస్తాడు, ఈ ఉత్తరం నీ చేతికే ఇస్తాడు.

అత్త


సూర్యాపేట,
అక్టోబర్ 15.

అత్తా,

పెద్ద సంబోధన ఒకటి ఆలోచించాను, రాయబుద్ధి కాలేదు.

ముప్పయ్యో తారీఖు మధ్యాహ్నం నీ ఉత్తరం వచ్చింది. ఆరోజు కోచింగ్‌కి పోలేదు, రూంలో పడి నిద్రపోయాను. రాత్రి డ్యూటీకి వచ్చి, లైట్లు తగ్గించాక, ఆరో మంచం పక్కన కుర్చీ వేసుకొని కూర్చున్నాను. నువ్వు మొదటి ఉత్తరంలోనే చెప్పావు, అడిగి, చెప్పేదాకా ఆగమని. నీ శాసనంలో నేను అమలు చేయని అంశం అదొక్కటే.

"కడ్డీ మీద ఎందుకు కొడతవ్ తాతా?" అన్నాను.

నేను ఆగాను. నిజంగానే ఆగాను అత్తా.

"మూడో మంచపోని సెలైన్ సీసా ఖాళీ అయితుండె, నిన్ను లేపనీకి" అన్నాడు. "పేరు వెట్టి పిలిస్తె అందరు లేస్తరు గద. నువ్వు పండుకున్నట్టు అందరికి ఎర్కైతది."

"ఎన్నిసార్లు కొట్టినవ్?"

"లెక్క వెట్టలే. ఒకనాడు ఎనిమిదో మంచపు పిలగాడు వాంతి చేస్కున్నడు, నువ్వు లేవలే. నేనే గట్టిగ కొట్టిన. నువ్వొచ్చి నన్నే తిట్టినవ్."

తిట్టాను. గుర్తుంది. చెంచా గుంజుకున్నది ఆ రాత్రే.

"డాక్టర్ అడిగిండు గద, చెప్పకపోతివి?"

"చెప్తె నీ నౌకరి పోతది గద బిడ్డా. పగటీలి సదువుకుంటున్నవంట, నాగమణమ్మ చెప్పింది. మా శ్రీనుగాడు సదువుమంటె సదవలే."

"మాత్రలన్న మింగొద్దా?"

"అవి మింగితె నాకు తెలివుండదు. నాకూ తెలివి లేక, నీకూ తెలివి లేకపోతె, గీ ఏడుగురిని ఎవరు సూస్తరు?"

తన కాలు పుచ్చిపోతున్న మనిషి, వార్డులో మిగతా ఏడుగురికి కాపలా కాశాడు. అందులో ఇద్దరు డిశ్చార్జి అయి వెళ్తూ నాకు స్వీటు డబ్బా ఇచ్చి వెళ్ళారు. తిన్నాను కూడా.

"ఈ రాత్రి నేను పండ తాతా. నువ్వు పండుకో" అన్నాను.

"మొన్న గూడ గట్లనే అంటివి" అన్నాడు.

నిజమే, మొన్న కూడా అట్లా అనే పడుకున్నాను. అందుకని ఆ రాత్రి ఆయన నిద్రపోలేదు, నన్ను పరీక్షించాడు. గంటకోసారి కన్ను తెరిచి చూశాడు. నేను కుర్చీలోనో, ఏదో ఒక మంచం దగ్గరో కనబడ్డాను. నాలుగింటికి మూడో మంచం సీసా నేనే మార్చాను, ఎవరూ ఏమీ కొట్టకుండానే. అది చూసి అటు తిరిగి పడుకున్నాడు. పొద్దున ఆరింటికి బీపీ చూడటానికి లేపబోయి లేపలేదు. ఏడున్నరకు ఆయనే లేచాడు. నూట నలభై రెండు.

మర్నాడు బుధవారం, నా సెలవు. గురువారం నుంచి మళ్ళీ నేనే. శుక్రవారం రాత్రి కునుకు పట్టబోతే వెళ్ళి బాత్రూంలో నెత్తిమీద చెంబెడు నీళ్ళు గుమ్మరించుకొని వచ్చాను. తడిసిన కోడిలా నిలబడ్డ నన్ను చూసి బీరయ్య దుప్పట్లో ముఖం దాచుకొని నవ్వడం వినబడింది. ఆ తర్వాత గురక వినబడింది. వార్డంతా అదిరేంత గురక. రెండో మంచాయన లేచి, "బ్రదర్, నిశ్శబ్దం అని గోడకు రాసిన్రు గద?" అన్నాడు. ఆయనకు దూది ఇచ్చాను.

సోమవారం పొద్దున నూట ముప్పై. మత్తు డాక్టర్ అంకె రెండుసార్లు చూసి గ్లౌజులు వేసుకున్నాడు. చర్మం అతికారు. నిన్న కట్టు విప్పి చూస్తే చాలావరకు పట్టింది. ఇంకో రెండు చోట్ల చూడాలి, కాని కాలు ఉంటుందని డాక్టర్ శ్రీనుతో చెప్పాడు. శ్రీను నా రెండు చేతులు పట్టుకొని, "అన్నా, నువ్వు దేవునోలె ఉన్నవ్" అన్నాడు. బీరయ్య కిటికీలోంచి బయటికి చూస్తూ ఉన్నాడు. నాకు సహాయం చేయడానికి ఆయన నోరు తెరవలేదు. ఇన్నాళ్ళూ నాకోసం మూసుకున్న నోరే అది.

శాలువా సంగతి చెప్పాలి. మేనేజ్‌మెంటు వాళ్ళు సుఖనిద్ర పథకం ఘనవిజయం సాధించిందని ప్రకటించారు. ఈ ఆదివారం సభ. పథకంలో వాడిన పద్ధతుల మీద నివేదిక రాసివ్వమన్నారు, మిగతా వార్డుల్లో కూడా పెడతారట. నాలుగు పేజీలు రాశాను, బాగా వచ్చింది. నువ్వు చదివితే మొదటి పేజీ కూడా పొయ్యిలో వేయవు. తర్వాత పెన్ను తీసుకొని కూర్చున్నాను. గోరువెచ్చని నీళ్ళు మంచివే, కాని నిద్ర వచ్చింది వాటివల్ల కాదు, కొట్టేశాను. చక్రానికి నూనె, లైట్లు, టీ, దిండు, ఒక్కొక్కటి కొట్టేశాను. అవన్నీ పెట్టి రెండు వారాలు ఆయన నిద్రపోలేదు కదా. ఫ్లెక్సీ గురించి ఒక పేరా ఉంది, అది కొట్టేయడానికి కొంచెం బాధ కలిగింది.

చివరికి నాలుగు పేజీల్లో రెండు వాక్యాలు మిగిలాయి. తెల్లకాగితం మీద వాటినే ఎత్తి రాసి, సంతకం పెట్టి, ఈ పొద్దున డ్యూటీ దిగేటప్పుడు ఇంచార్జ్ సిస్టర్ చేతికి ఇచ్చాను. ఆమె నా ముందే చదివింది. కళ్ళద్దాలు తీసి మళ్ళీ చదివింది. "ఎండీ సారుకు చూపించాలి, నువ్వు రూంకు పో" అంది. రూంకు వచ్చి ఇది రాస్తున్నాను. ఏమవుతుందో తెలియదు. నీకు కూడా అవే రెండు వాక్యాలు రాస్తున్నాను, ఈసారి క్షమాపణ లేకుండా.

"ఆరో నంబరు పేషెంటు ఉన్న వార్డులో ఇరవై ఐదు రాత్రులు నేను డ్యూటీలో నిద్రపోయాను, నా డ్యూటీ ఆయన చేశాడు. ఆయన నిద్రపోవడానికి నేను చేసిన ఒకే ఒక్క పని, ముప్పయ్యో తారీఖు రాత్రి నుంచి మేలుకొని ఉండటం."

నీ జవహర్